షీల్డు వెనుక ఉన్న సంవత్సరం



మన వార్షిక సంచిక చేతికి రాగానే చాలామంది ముందుగా తిప్పేది ఫొటోల పేజీలే. శాలువా కప్పుకున్న పిల్లలు, చేతిలో షీల్డు, పక్కన అతిథి, వెనుక బ్యానరు. ఆ ఫొటోలు ఈసారీ ఉన్నాయి, అల్‌హమ్దులిల్లాహ్. అయితే ఆదోని, ఎమ్మిగనూరు హైస్కూళ్లలో మన పిల్లలు సాధించినదాన్ని ఫొటో ఒక్కటే చెప్పలేదు. ఏ విజయానికి సన్మానం చేస్తున్నాం, మీరిచ్చిన డబ్బు అందులో ఏ పనికి వెళుతోంది, ఏ పనికి వెళ్లకూడదు అన్నది ఒకసారి వివరంగా చెప్పుకుందాం.

ముందుగా మా పొరపాటు ఒప్పుకుంటాం. కొన్నేళ్ల కిందట పదో తరగతి ఫలితాలు వచ్చాక, మొదటి మూడు స్థానాల్లో నిలిచిన పిల్లలకు మే నెలలో ఘనంగా సన్మానం చేశాం. మరుసటి సంవత్సరం రంజాన్ కిట్లు పంచడానికి ఒక ఇంటికి వెళ్తే, టీవీ పక్కన మన షీల్డే కనిపించింది. సంతోషంగా "పాప ఏ కాలేజీలో చేరిందమ్మా?" అని అడిగాం. చేరలేదట. ఇంట్లోనే మిషన్ కుడుతోంది. "ఫీజు, బస్సు పాసు, సర్టిఫికెట్లు అన్నారు. ఎవర్ని అడగాలో తెలీలేదు భాయ్" అంది ఆ తల్లి. మేలో ఆ అమ్మాయితో ఫొటో దిగిన మాలో ఒక్కరం కూడా జూన్‌లో ఆ ఇంటి గడప తొక్కలేదు. ఆ రోజు నుంచే మా పద్ధతి మార్చుకోవడం మొదలుపెట్టాం.

మన ప్రాంతంలో పదో తరగతి దాకా రావడమే చిన్న విషయం కాదు. 2024 మార్చి పదో తరగతి పరీక్షల్లో రాష్ట్రం మొత్తం ఉత్తీర్ణత 86.69 శాతం. మన కర్నూలు జిల్లాది 62.47 శాతం, రాష్ట్రంలో అన్నిటికన్నా చివర. పార్వతీపురం మన్యం లాంటి గిరిజన జిల్లా 96.37 శాతంతో మొదట నిలిచిన సంవత్సరమే అది. కాబట్టి "మనది వెనుకబడిన ప్రాంతం, ఏం చేస్తాం" అనే మాట ఇక చెల్లదు. మన పిల్లలకు తెలివి తక్కువైందీ లేదు. వాళ్లు బడిలో ఉండే రోజులు తక్కువ.

ఎందుకు తక్కువో ఇక్కడి వాళ్లకు చెప్పనక్కర్లేదు గానీ, బెంగళూరు, హైదరాబాదు, గల్ఫ్ నుంచి చందా పంపే దాతల కోసం చెబుతున్నాం. వానాధారం పొలాలు పండినా, ఎండినా దసరా దాటాక పల్లెలు సుగ్గికి బయలుదేరతాయి. గుంటూరు వైపు మిరప కోతలకు, తెలంగాణకు పత్తి తీతకు, బెంగళూరుకు కట్టడం పనులకు కుటుంబాలకు కుటుంబాలే కదులుతాయి. ఉగాది దగ్గర పడ్డాక గానీ చాలామంది తిరిగి రారు. అప్పటికి పరీక్షలు జరిగిపోతుంటాయి. ఊళ్లో ఉండిపోయిన పిల్లలకైనా పని తప్పదు. పత్తి విత్తనాల చేలలో క్రాసింగ్ పనికి చిన్న వేళ్లు కావాలని ఆడపిల్లల్ని పిలుస్తారు. మాచాని సోమప్ప గారు 1938లో సహకార సంఘం పెట్టిన నాటి నుంచి ఎమ్మిగనూరు నేతకు పేరు. అక్కడి మగ్గాల ఇళ్లలో బడి నుంచి రాగానే కండెలు చుట్టే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. ఆదోనిలో జిన్నింగు మిల్లుల సీజన్ వస్తే తల్లి పనికి పోతుంది, ఇంట్లో పసిబిడ్డ దగ్గర పెద్దమ్మాయి ఆగిపోతుంది. హాజరు పట్టీలో ఇవన్నీ ఒకే ఒక్క గుర్తు: గైర్హాజరు.

అందుకని మా సన్మానాల జాబితాలో మార్కులతో పాటు ఇంకో రెండు రకాల పిల్లల్ని చేర్చాం. ఒకటి, సుగ్గి కాలంలో తల్లిదండ్రులు వెళ్లినా అవ్వ దగ్గరో, సీజనల్ హాస్టల్లోనో ఉండి నవంబరు నుంచి మార్చి దాకా బడి మానని పిల్లలు. రెండు, పదో తరగతి మొదటిసారి తప్పి, మే నెల అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీలో గట్టెక్కి అదే సంవత్సరం ఇంటర్లో చేరిన పిల్లలు. ఈ రెండో వర్గం గురించి మా కమిటీలోనే వాదన జరిగింది. "ఫెయిలైన వాళ్లకు షీల్డు ఏమిటి?" అని ఒక పెద్దాయన గట్టిగానే అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఫలితాలు వచ్చిన రోజు సాయంత్రం తప్పిన పిల్లవాడి ఇంట్లో ఏం జరుగుతుందో తెలిసిన వాళ్లం మనం. అబ్బాయైతే మెకానిక్ షెడ్డు, అమ్మాయైతే పెళ్లి చూపులు. సప్లిమెంటరీ ఫీజు కట్టించి, మూడు వారాలు లెక్కలు, సైన్సు చెప్పించి మళ్లీ పరీక్షకు కూర్చోబెడితే ఆ దారి మారుతుంది. ఆ పెద్దాయనే తర్వాత ఇద్దరు పిల్లల ట్యూషన్ ఖర్చు భరించారు. ఆయన పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

పెళ్లి సంగతి వచ్చింది కాబట్టి ఒక ఉదాహరణ. ఆదోని మండలంలోని ఒక పల్లె అమ్మాయి పదో తరగతిలో 600కు 537 మార్కులు తెచ్చుకుంది. ఇంట్లో స్తోమత లేక పెళ్లి చేసేద్దామనుకున్నారు. అధికారులు జోక్యం చేసుకుని ఆమెను ఆస్పరి కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో చేర్చారు. 2024 ఏప్రిల్లో ఇంటర్ మొదటి సంవత్సరం ఫలితాల్లో ఆమెకు 440కి 421 వచ్చాయి. దేశమంతా పత్రికలు రాశాయి. ఆమె మన సంస్థ సహాయం పొందిన విద్యార్థిని కాదు, ఆ ఘనత మాది అని చెప్పుకోవడం లేదు. మేము చూసింది ఒక్కటే. 537 వచ్చిన నాడు కూడా ఆమె చదువు ఆగిపోయేదే. మార్కుల తర్వాత ఎవరో ఒకరు ఆ ఇంటికి వెళ్లారు, అందుకే 421 వచ్చాయి. మన వీధుల్లో అలాంటి ఇళ్లు ఎన్ని ఉన్నాయో మనకే తెలుసు. పద్దెనిమిదేళ్లు నిండని అమ్మాయికి పెళ్లి మాటలు జరుగుతున్నాయని తెలిస్తే మా సభ్యుల్లో ఎవరికైనా చెప్పండి. 1098కి ఫోన్ చేసినా సరే.

ఇక సంవత్సరం పొడుగునా జరిగే పనుల్లో ఎవరికీ కనిపించనిదీ, మాకు అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఒకటుంది: పేర్లు సరిచూడడం. నవ్వొద్దు. 'షేక్' అనే మన ఇంటిపేరు ఇంగ్లీషులో ఆధార్ కార్డు మీద ఒక రకంగా, బడి రిజిస్టరులో ఇంకో రకంగా, బ్యాంకు పాసుపుస్తకంలో మరో రకంగా ఉంటుంది. ఒకచోట 'ఎ' తర్వాత 'ఐ', ఇంకోచోట 'ఇ' రెండుసార్లు, మరోచోట చివర 'హెచ్'. 'మొహమ్మద్' సంగతి చెప్పనే అక్కర్లేదు. పలికితే ఒకటే పేరు, కంప్యూటరుకు ముగ్గురు మనుషులు. స్కాలర్‌షిప్ మంజూరైనా డబ్బు ఖాతాలో పడదు. పదో తరగతి నామినల్ రోల్స్‌లో పేరు, పుట్టిన తేదీ ఎలా వెళితే జీవితాంతం అదే లెక్క. అందుకే నామినల్ రోల్స్ పంపే ముందు మన యువకులు నలుగురైదుగురు బడికి వెళ్లి, పిల్లల కార్డులు పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూస్తారు. తేడా ఉంటే ఆధార్ కేంద్రానికి తీసుకెళతారు. దీనికి డబ్బు పెద్దగా అవసరం లేదు, ఓపిక కావాలి. దూదేకుల, నూర్‌బాషా కుటుంబాల పిల్లలకు బీసీ-బి, బీసీ-ఇ కింద వచ్చే వర్గాల పిల్లలకు బీసీ-ఇ కుల ధ్రువీకరణ పత్రాలు తీయించడం కూడా అప్పుడే మొదలుపెడతాం. జూన్‌లో కాలేజీ గుమ్మం ముందు నిలబడి పరుగులు పెడితే పని కాదు.

పేరు సరిగా ఉంటే ఏం దొరుకుతుందో చూడండి. జాతీయ ఉపకార వేతన పరీక్ష, ఎన్‌ఎంఎంఎస్ అంటారు. ఎనిమిదో తరగతి చదివే ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలు రాయొచ్చు. కుటుంబ ఆదాయం ఏడాదికి 3,50,000 రూపాయలు మించకూడదు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా ఏడాదికి 12,000 చొప్పున, నాలుగేళ్లకు 48,000 రూపాయలు. సుగ్గికి వెళ్లే తండ్రికి ఆ పన్నెండు వేలు చూపిస్తే బిడ్డను వెంట తీసుకెళ్లే ముందు ఒకసారి ఆలోచిస్తాడు. 2022 నుంచి మైనారిటీ విద్యార్థుల కేంద్ర ప్రీ-మెట్రిక్ స్కాలర్‌షిప్ ఎనిమిదో తరగతి లోపు పిల్లలకు ఆగిపోయి తొమ్మిది, పది తరగతులకే పరిమితమైంది. అందువల్ల ఈ పరీక్ష విలువ మనకు ఇంకా పెరిగింది. సగం తర్కం, సగం పాఠాలు. తర్కం ప్రశ్నలు బడిలో చెప్పరు. అందుకే ఆదివారం తరగతులు పెడుతున్నాం. ప్రభుత్వ బడిలో చదివిన పిల్లలకు ట్రిపుల్ ఐటీ ప్రవేశాల్లో అదనపు వెయిటేజీ ఉందని కూడా ఆ తరగతుల్లోనే చెబుతాం. ప్రైవేటు బడికి మార్చేద్దామనుకున్న తల్లిదండ్రులు ఆ మాట విని ఆగడం చూశాం.

చదువు ఒక్కటేనా అంటే కాదు. కబడ్డీ, ఖోఖో, వైజ్ఞానిక ప్రదర్శన ఉన్నాయి. మౌలానా ఆజాద్ జయంతి నవంబరు 11న వక్తృత్వ పోటీ ఉంటుంది. మాకు మాత్రం అన్నిటికన్నా ఇష్టమైనది బైత్‌బాజీ. ఒకరు చెప్పిన షేర్ చివరి అక్షరంతో ఇంకొకరు షేర్ అందుకోవాలి. మన పిల్లలది విచిత్రమైన పరిస్థితి. ఇంట్లో దక్కనీ, వీధిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. ఏ భాషలో అడిగినా సగం జవాబే చెప్పి తల దించుకునే పిల్లలు బైత్‌బాజీలో నిలబడితే గొంతు మారిపోతుంది. అదే అమ్మాయి మరునాడు తెలుగులో ఉపన్యాసం ఇస్తానని చెయ్యెత్తుతుంది. ఉర్దూ వచ్చిన పిల్లలకు ముందు దారి కూడా ఉంది. 1947లో కర్నూలులో ఉస్మానియా కళాశాల స్థాపించిన డాక్టర్ అబ్దుల్ హఖ్ గారి పేరుతో అదే ఊళ్లో ఇప్పుడు ఉర్దూ విశ్వవిద్యాలయం నడుస్తోంది.

ఇక డబ్బు సంగతి. ఇది కాస్త జాగ్రత్తగా చదవమని మనవి.

షామియానా, మైకు, షీల్డులు, శాలువాలు, భోజనాలు, ఈ సంచిక అచ్చు, వీటిలో దేనికీ జకాత్ డబ్బు వాడం. జకాత్ ఎవరికి చెందాలో సూరా తౌబాలో ఎనిమిది వర్గాలు చెప్పి ఉన్నాయి. వాటిలో వేదిక అలంకరణ లేదు. పేద విద్యార్థి ఉన్నాడు. అతని ఫీజు, పుస్తకాలు, బస్సు పాసు, కళ్లద్దాలు జకాత్ నుంచి ఇవ్వొచ్చు. అదీ అతని చేతికి, అతని సొంతంగా అందేలా. మొదటి ర్యాంకు వచ్చినా ఇంట్లో స్తోమత ఉన్న పిల్లవాడికి ఇచ్చే బహుమతి జకాత్ నుంచి పోకూడదు. అది సదఖా లేదా సాధారణ విరాళం నుంచే. అందుకని రెండు ఖాతాలు వేరువేరుగా నడుపుతున్నాం.

ఇంకో చిక్కు ఉంది. మీలో చాలామంది జకాత్ రంజాన్‌లో ఇస్తారు. కొన్నేళ్లుగా రంజాన్ బడి సంవత్సరం చివర్లో వస్తోంది. 2024, 2025 రెండు సంవత్సరాల్లోనూ పదో తరగతి పరీక్షలు ఉపవాస మాసంలోనే పడ్డాయి. సహరీకి లేచిన పిల్లలు ఫజ్ర్ తర్వాత పుస్తకం పట్టుకుని, తొమ్మిదిన్నరకల్లా పరీక్ష హాల్లో కూర్చున్నారు. అంటే మీ డబ్బు మాకు చేరేసరికి బడి మూతపడే వేళ అవుతోంది. మాకు డబ్బు కావలసింది జూన్‌లో, కాలేజీ చేరికలప్పుడు. మళ్లీ అక్టోబరు, నవంబరులో, సుగ్గి బండ్లు కదిలే ముందు, పదో తరగతి పరీక్ష ఫీజు కట్టేటప్పుడు. ఆ ఫీజు 125 రూపాయలే. ఆ 125 కట్టలేదని ఆగిన పిల్లల్ని చూశాం కాబట్టి చెబుతున్నాం. హక్కుదారుకు చేరాల్సిన జకాత్‌ను మా దగ్గర నెలల తరబడి ఉంచుకోవడం కూడా మాకు ఇష్టం లేదు. సంవత్సరం నిండక ముందే జకాత్‌ను వాయిదాలుగా చెల్లించవచ్చని ఎక్కువమంది ఉలమా చెబుతారు. మీ ఇమామ్ గారిని అడిగి, కుదిరితే ఒక భాగం జూన్‌లో, ఒక భాగం అక్టోబరులో పంపండి.

ఈ సంవత్సరం సన్మానం పొందినవారి ఫొటోలు తర్వాతి పేజీల్లో ఉన్నాయి. అమ్మాయిల్లో కొందరి ఫొటోలు వాళ్ల ఇంటివాళ్లు వద్దన్నందువల్ల వేయలేదు, సన్మానం మాత్రం జరిగింది. షీల్డు సైజు తగ్గించాం, గమనించే ఉంటారు. మిగిలిన డబ్బుతో ప్రతి ఒక్కరికీ ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు, ఉర్దూ చదివేవారికి ఉర్దూ నిఘంటువు ఇచ్చాం. పదో తరగతి పిల్లల ప్రతి కుటుంబానికీ ఒక సభ్యుణ్ణి బాధ్యుడిగా పెట్టాం. ఫలితాలు వచ్చిన వారంలో ఒకసారి, జూన్ మొదటి వారంలో ఒకసారి ఆయన ఆ ఇంటికి వెళ్లి రావాలి. మీ వీధిలో ఈ పని చేయగలిగిన వారుంటే పేరివ్వండి, ఎమ్మిగనూరు వైపు మనుషులు ఇంకా చాలడం లేదు.

చందా పంపేటప్పుడు రసీదు మీద 'జకాత్' అనో, 'సదఖా' అనో, 'సాధారణం' అనో తప్పక రాయించండి. ఏదీ రాయకుండా వచ్చిన డబ్బును మేము సాధారణ ఖాతాలోనే వేస్తాం.