పట్టు సడలితేనే పలికే గిటార్

సికింద్రాబాద్: కంటోన్మెంటు, రైల్వే కాలనీల్లోని ఆంగ్లో ఇండియన్ కుటుంబాలకూ, చర్చి గాయక బృందాలకూ గిటార్ చిరపరిచితమైన వాద్యం. అయితే కొత్తగా నేర్చుకొనేవారి దృష్టి అంతా మెట్లపై కదిలే ఎడమ చేతిమీదే ఉంటుంది. పిక్ పట్టిన కుడి చేతిని పట్టించుకోరు. తొలి వారాల్లో వచ్చే మణికట్టు నొప్పికి, కరకు ధ్వనికి తరచుగా ఇదే కారణం.

చూపుడు వేలిని సహజంగా లోనికి వంచి, చివరి కణుపు పక్కన పిక్ ఉంచి, దానిపై బొటనవేలిని ఆనించాలి. మొన 3 నుంచి 5 మిల్లీమీటర్లు బయటకు కనిపిస్తే చాలు. జారిపోతుందన్న భయంతో విద్యార్థి గట్టిగా నొక్కుతాడు, చిక్కంతా అక్కడే. బిగిసిన పిక్ తీగకు అడ్డు నిలుస్తుంది, సడలినది ఒదిగి దాటిపోతుంది. సితార్ వాద్యకారుడు మిజ్రాబ్‌ను వేలికి తొడుక్కుంటాడు కనుక అతనికి ఈ బెంగ లేదు. గిటార్‌లో ఆ భారం రెండు వేళ్లదే. గురువు పిక్‌ను మెల్లగా లాగి చూడాలి. కొద్దిపాటి బలానికే కదిలితే పట్టు సరైనదని అర్థం. నాలుగుసార్లు కింద పడినా నష్టం లేదు.

కదలిక మోచేతి కంటే మణికట్టులో ఎక్కువగా ఉండాలి. స్ట్రమ్మింగ్‌కు 0.6 మి.మీ. పలుచని పిక్ అనువు. ఒక్కొక్క తీగను మీటడానికి 1 మి.మీ. మందం మేలు. ఎడమచేతి వాటం వారికి చేతులు తారుమారవుతాయి, పట్టు మాత్రం అదే.