మీకు తెలుసా? మంచుకొండల బ్రహ్మకమలం

● మన ఇళ్లలో కుండీల్లో రాత్రిపూట విచ్చుకునే తెల్లని ‘బ్రహ్మకమలం’ మెక్సికో ప్రాంతం నుంచి వచ్చిన ఒక రకం కాక్టస్. అసలైన బ్రహ్మకమలం హిమాలయాల్లో, సుమారు 3,700 మీటర్లకు పైన, రాళ్ల సందుల్లో పెరుగుతుంది. అది చామంతి, పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందిన మొక్క.

● ఇది బహువార్షికం. చలికాలంలో నేలపై ఉన్న భాగమంతా ఎండిపోతుంది. మంచు కింద దుంపలాంటి వేరు మాత్రం బతికే ఉండి, మంచు కరగగానే మళ్లీ చిగురిస్తుంది.

● జులై నుంచి సెప్టెంబరు దాకా పూస్తుంది. రేకుల్లా కనిపించే లేత పసుపుపచ్చ పొరలు రేకులు కావు, పుష్పపుచ్ఛాలు, అంటే పూలను చుట్టి ఉండే ఆకులు. వాటిని కాస్త పక్కకు జరిపి చూస్తే, లోపల ఊదారంగు చిన్న పూలు గుత్తిగా ఒదిగి ఉంటాయి. కాగితమంత పల్చటి ఆ పొరలు ఎండను లోపలికి రానిచ్చి, వెచ్చదనాన్ని నిలిపి ఉంచుతాయి. చలిగాలి, వాన పూలను తాకకుండా కాపాడతాయి.

● ఇది ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం. 1982లో తపాలా శాఖ దీనిపై స్టాంపు కూడా విడుదల చేసింది.

● కేదార్‌నాథ్, బదరీనాథ్ ఆలయాల్లో దీన్ని స్వామికి సమర్పిస్తారు. కానీ గింజ కట్టకముందే పువ్వును కోసేస్తే కొత్త మొక్కలు పుట్టవు. చార్‌ధామ్ యాత్రకో, పూలలోయకో వెళ్లినప్పుడు బ్రహ్మకమలం కనిపిస్తే కళ్లారా చూడండి, ఫొటో తీసుకోండి. దయచేసి కోయకండి, కొనకండి.