గురుగ్రహం పక్కగా పోయిన వాయేజర్



సైన్సు పుస్తకంలో గురుగ్రహం గోలీకాయంత ఉంటుంది. నిజానికి దాని అడ్డంగా మన భూములు 11 పేర్చవచ్చు. అంత పెద్దది.

1977లో అమెరికా వాళ్ల నాసా సంస్థ వాయేజర్-1, వాయేజర్-2 అనే వ్యోమనౌకలను పంపింది. వాటిలో మనుషులు లేరు. వాయేజర్-1, 1979 మార్చి 5న గురుగ్రహం దగ్గరికి చేరింది. కాని ఆగలేదు. మా తండా స్టేజీలో ఎక్స్‌ప్రెస్ బస్సు ఆగనట్టే, పోతూ పోతూనే ఫొటోలు తీసింది.

ఎందుకు ఆగలేదు? ఆగాలంటే చాలా ఇంధనం కావాలి. పైగా అది శనిగ్రహానికి కూడా పోవాలి. చేలో పిట్టల్ని తోలే వడిసెల చూశారు కదా! రాయిని గిర్రున తిప్పి వదిలితే ఎంతో దూరం పోతుంది. అట్లాగే గురుగ్రహం తన ఆకర్షణతో వాయేజర్ దారి వంచి, వేగం పెంచి శని వైపు విసిరింది.

గురువుకు పెద్ద చందమామలు నాలుగు. అయో, యూరోపా, గానిమీడ్, కాలిస్టో. వీటిని 1610లో గెలీలియో చూశాడు. లిండా మొరబిటో అనే ఆమె వాయేజర్ తీసిన ఫొటోను పరీక్షిస్తుంటే అయో అంచున గొడుగులాంటి పొగ కనిపించింది. అది అగ్నిపర్వతం! భూమి మీద కాక వేరేచోట మండుతున్న అగ్నిపర్వతం కనిపించడం అదే మొదలు. ఇనుప తీగను అటూ ఇటూ వంచితే వేడెక్కుతుంది. గురువు ఒకవైపు, తోటి చందమామలు ఇంకోవైపు లాగుతుంటే అయో లోపల అట్లాగే కాగిపోతుంది.

వాయేజర్లలో బంగారు పూత రికార్డు ఉంది. అందులో 55 భాషల్లో నమస్కారాలు ఉన్నాయి. తెలుగు కూడా ఉందని మేడమ్ చెప్పగానే అందరం చప్పట్లు కొట్టాం. మా లంబాడీ మాట మాత్రం లేదు.

అందుకే సెలవుల్లో ఇదంతా మా యాడికి మా మాటలోనే చెప్పాను. అగ్నిపర్వతానికి మాట తెలియక "నిప్పులు కక్కే కొండ" అన్నాను. యాడి అంతా విని, "అది ఇంటికి ఎప్పుడొస్తది?" అని అడిగింది. ఇక రాదని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "కబురన్నా పంపిస్తదా?" అంది.

పంపిస్తుంది యాడీ. 2025లో కూడా పంపింది. ఆ కబురు మనకు చేరడానికి దాదాపు 23 గంటలు పట్టింది.

మీరూ మీ ఇంటి మాటలో చెప్పి చూడండి. ఏ మాట దొరకలేదో వచ్చే నెల గోడపత్రికకు రాయండి.

— 9వ తరగతి విద్యార్థిని