పాటా? పైసలా?

గల్ఫ్‌లో ఏ లేబర్ క్యాంపుకు పోయినా ఒక పాటగాడో, బొమ్మలు గీసే పిల్లగాడో కనిపిస్తాడు. ఊళ్లో ఒగ్గు కథకు డోలు కొట్టిన చేతులే ఇక్కడ షట్టరింగ్ పలకలు మోస్తున్నాయి. సెలవు రోజు వచ్చిందంటే మనసులో ఒకటే లొల్లి. ‘ఇంకెన్నాళ్లీ బతుకు? ఇంటికి పోయి కళనే నమ్ముకుంటే?’

ముందు అప్పు సంగతి చూద్దాం. వీసా కోసం రెండు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చారనుకోండి. నెలకు 2 వేలు, ఏడాదికి 24 వేలు వడ్డీకే పోతాయి. అసలు అట్లనే ఉంటుంది. ప్రోగ్రాములకు సీజన్ ఉంటుంది, వడ్డీకి సీజన్ లేదు.

పేరొస్తే అన్నీ సర్దుకుంటాయి అనుకోవద్దు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ‘భీమ్లా నాయక్’ పాటతో ఊరూరా ఆయన పేరు తెలిసింది. అప్పటి ప్రభుత్వం కోటి రూపాయలు ప్రకటించింది. అయినా 2024లో ఆయన హైదరాబాద్ దగ్గర కూలి పనికి పోతున్నాడని వార్తలొచ్చాయి. పేరు వేరు, నెలనెలా చేతికొచ్చే పైసలు వేరు.

అట్లని కళను వదిలేయాలా? అక్కర్లేదు. 2025లో కన్నుమూసిన అందెశ్రీ బడికి పోలేదు. పశువులు కాశాడు, తాపీ పని చేశాడు. ఆయన రాసిన పాటే 2024లో తెలంగాణ రాష్ట్ర గీతమైంది. మలయాళ రచయిత బెన్యామిన్ 1992లో బహ్రెయిన్ వచ్చి, 2013 దాకా ఉద్యోగం చేశాడు. సౌదీ ఎడారిలో మేకలు కాసిన కార్మికుడి కథ ‘ఆడుజీవితం’ అక్కడున్నప్పుడే, 2008లో వచ్చింది. సింగపూర్‌లో వలస కార్మికులకు 2014 నుంచి కవితల పోటీలు పెట్టారు. మొదటి ఏడాది గెలిచింది నిర్మాణ రంగంలో పనిచేసే బంగ్లాదేశ్ కార్మికుడే. వీళ్లెవరూ మొదట్లోనే కళ కోసం పని మానేయలేదు. పని కోసం కళనూ వదల్లేదు.

అందుకే ‘ఇదా, అదా’ అని ఒక్కరోజులో తేల్చుకోవద్దు. అప్పు తీరి, ఇంటికి ఆరు నెలల ఖర్చు చేతిలో పడేదాకా ఒక గడువు పెట్టుకోండి. ఆ గడువు ఇంట్లోవాళ్లకూ చెప్పండి. అప్పటిదాకా రోజూ అరగంట కళకు ఇవ్వండి. నాన్నకో, తాతకో కథ వస్తే ఫోన్‌లో చెప్పించుకుని రికార్డు చేసుకోండి. పైసలు రేపైనా సంపాదించవచ్చు. పెద్దాయన పోతే ఆ కథ మళ్లీ దొరకదు.

ఒక జాగ్రత్త. కంపెనీ వీసా మీద ఉండి, అనుమతి లేకుండా బయట పైసలు తీసుకుని ప్రోగ్రాములు చేస్తే చిక్కుల్లో పడతారు. యూఏఈలో ఎదుటివాళ్లను అడగకుండా వీడియో తీయడమూ నేరమే. రూములో పాడుకోండి, పక్కరూము వాళ్లకు ఇబ్బంది లేకుండా.

సెలవు దొరికితే సంక్రాంతి నుంచి ఉగాది మధ్య పెట్టుకోండి. కొమురవెల్లి మల్లన్న జాతర రోజులవి, ఒగ్గు వాళ్లకు పని ఉండే కాలం. మేళంతో నాలుగు చోట్ల తిరగండి. చార్జీలు పోగా, అందరూ పంచుకోగా మీ వంతు ఎంత మిగిలిందో కాగితం మీద రాయండి. ఇల్లు గడుస్తుందనిపిస్తే తిరుగు టికెట్ గురించి అప్పుడు ఆలోచించవచ్చు. గడవదనుకుంటే ఇంకో రెండేళ్లు పని చేద్దురు గానీ, డోలు మాత్రం అటక ఎక్కించకండి.