ఉద్దానంలో మనసుకూ చికిత్స కావాలి
- మూత్రపిండాల వ్యాధితో పాటే కుంగుబాటు
- దుఃఖాన్ని దిగమింగుకుంటున్న కుటుంబాలు

శ్రీకాకుళం: వారానికి రెండు, మూడుసార్లు డయాలసిస్. ఒక్కోసారి సుమారు నాలుగు గంటలు మంచంపైనే. వెళ్లి రావడానికి మరికొంత సమయం. ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి ముదిరినవారి జీవితం ఈ లెక్కల చుట్టూనే తిరుగుతుంది. రోగి, అతని కుటుంబం పడే మనోవేదన మాత్రం ఏ లెక్కలోకీ రావడం లేదు.

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలను ఈ వ్యాధి దశాబ్దాలుగా వేధిస్తోంది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభం కావడంతో శరీరానికి వైద్యం చేరువైంది. 'మనసెలా ఉంది?' అని అడగడం కూడా వైద్యంలో భాగం కావాల్సి ఉంది.

జవాబు లేని ప్రశ్న
నీరు, ఎండలో శ్రమ, పురుగుమందులు, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం.. ఇలా ఎన్నో కోణాల్లో పరిశోధనలు జరిగినా వ్యాధికి ఫలానాదే కారణమని తేలలేదు. కారణం తెలియనప్పుడు మనిషి తననే నిందించుకుంటాడు. 'ముందే పరీక్ష చేయించి ఉంటే బతికేవాడేమో' అన్న మాట ఇంటివారిని ఏళ్ల తరబడి వెంటాడుతుంది. వాస్తవానికి తొలిదశలో ఈ వ్యాధి లక్షణాలు పెద్దగా బయటపడవు. గుర్తించలేకపోవడం కుటుంబం చేసిన తప్పు కాదు. ఈ ఒక్క విషయం అర్థమైతే గుండె బరువు కొంత తగ్గుతుంది.

ముందే మొదలయ్యే శోకం
ఆప్తులు కళ్లెదుట క్షీణిస్తుంటే దుఃఖం మరణానికి ముందే మొదలవుతుంది. అయినా రోగి ముందు కంటతడి పెట్టకూడదని ఇంటివారు, ఇంటివారికి భారమయ్యానని రోగి ఎవరికి వారే మౌనం వహిస్తారు. డయాలసిస్ పొందుతున్న ప్రతి నలుగురిలో సుమారు ఒకరు కుంగుబాటుకు లోనవుతున్నట్లు వివిధ దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. అలసట, ఆకలి మందగించడం, నిద్రలేమి రెండు వ్యాధుల్లోనూ కనిపిస్తాయి. అందువల్ల కుంగుబాటును కిడ్నీ జబ్బు ఖాతాలో వేసి వదిలేసే ప్రమాదముంది.

పెద్దకర్మ తరువాతే..
పెద్దకర్మ వరకు ఇంటి నిండా బంధువులే. అందరూ వెళ్లిపోయాకే అసలు ఒంటరితనం మొదలవుతుంది. పిల్లలు వలస వెళ్లిన ఇళ్లలో అది మరింత ఎక్కువ. భర్తను కోల్పోయిన మహిళను శుభకార్యాలకు దూరంగా ఉంచే ఆచారం పుండుపై కారం చల్లినట్లే. ఆమెను పేరంటానికి పిలవడం, నెలకోసారైనా ఇంటికి వెళ్లి పలకరించడం, పోయినవారి కబుర్లు చెప్పుకోనివ్వడం ఇరుగుపొరుగు చేయగల సాయం.

వైద్యుణ్ని ఎప్పుడు కలవాలి?
దుఃఖం జబ్బు కాదు. ఏడవడం బలహీనతా కాదు. చాలామందిలో కాలక్రమేణా దాని తీవ్రత తగ్గుతుంది. ఆరు నెలలు దాటినా తగ్గక, రోజువారీ పనులు సైతం చేయలేని స్థితి ఉంటే దాన్ని దీర్ఘకాలిక శోక రుగ్మతగా ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది. బతకడం వృథా అనిపిస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగరాదు.

మాటల ద్వారా చేసే చికిత్స, అవసరమైతే మందులు గుణమిస్తాయి. మందుల ప్రభావం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది గనుక మధ్యలో మానేయకూడదు. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి మోతాదు మారవచ్చు. కాబట్టి సొంతంగా మాత్రలు కొని వాడరాదు. డయాలసిస్ కేంద్రంలోని వైద్యుడికే మనసులోని బాధ చెప్పుకొంటే మానసిక వైద్యుడి వద్దకు పంపుతారు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరులో ఉచితంగా, ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

కోలుకోవడమంటే పోయినవారిని మరచిపోవడం కాదు. వారిని తలచుకుంటూనే మళ్లీ తోటకు వెళ్లడం, వేళకు అన్నం తినడం, పిల్లల చదువు గురించి ఆలోచించడం. అక్కడి నుంచే ఆశ చిగురిస్తుంది.