హాన్జీ: కొరియా కాగితమును, చేతివిద్యయును

కొరియా దేశీయులు తమ సంప్రదాయపు కాగితమును హాన్జీ యందురు. గ్రంథపరిశోధకులు పాఠమును శోధించినంత శ్రద్ధగా ఆ పాఠమును మోసిన పత్రమును శోధింపరు. ఈ యుపేక్ష తగదనుటకు క్యోంగ్జు నగరమందలి బుల్గుక్సా విహారమే సాక్షి. అచటి రాతిస్తూపమున 1966లో ధారణీసూత్రపు ముద్రితప్రతి యొకటి చుట్టగా దొరకినది. స్తూపము ఎనిమిదవ శతాబ్దినాటిది. ప్రతియు నించుమించుగా నాకాలపుదే యని పెక్కండ్ర మతము. మల్బరీజాతి చెట్టు నారతో జేసిన యా కాగితము, కొంత శిథిలమైనను, తన యక్షరములను నేటికిని నిలుపుకొన్నది.

ఆ చెట్టును కొరియావారు డాక్ అందురు. ఆకు రాలిన పిదప, శీతకాలమున, ఏడాది పెరిగిన రెమ్మలను గోసి, ఆవిరిపై నుడికించి బెరడు నొలుతురు. నల్లని పైపొరను గీకి, లోపలి తెల్లనారను బూడిదనీట నుడికించి, కడిగి, మలినములను చేతితో నేరి, కొయ్యతో మోదుదురు. మోదుట నారను తెగగొట్టుటకు గాదు, విడదీయుటకు. పోగు నిడుపు చెడకుండుటయే కాగితపు బలమునకు మూలము. అటుపై తొట్టినీట నారతోబాటు ఒక వేరునుండి తీసిన జిగటను గలుపుదురు. ఆ వేరు, ఆంధ్రులు కూర వండుకొను బెండకు దాయాదియగు మొక్కది. దీనిని అంటించు జిగురని భ్రమింపరాదు. నారలు ముద్దగట్టక నీట దేలునట్లును, తెరనుండి నీరు మెల్లగా జారునట్లును చేయుటయే దాని పని.

వెదురుపుల్లల తెర గల చట్రమును ఒకే త్రాట వ్రేలాడదీసి, ముందు వెనుకలకును ప్రక్కలకును ఊపుట వేబల్ పద్ధతి. ఇట్లు నారలు అడ్డముగను నిలువుగను అల్లుకొనును. ఒక యంచు మందమగును గనుక రెండు పొరలను తలక్రిందులుగా జోడించి యొక ఠావు చేయుదురు.

ఈ యూపును పుస్తకము చెప్పజాలదు. కావుననే శిల్పులు కళాశాలలకు వచ్చి చేసి చూపుట యావశ్యకమైనది. అమెరికాలో నిందులకు బూనినవారిలో ఎయిమీ లీ ప్రసిద్ధురాలు. ఆమె కొరియాకేగి యీ విద్య నభ్యసించి, 2010లో క్లీవ్లండు నగరపు మోర్గన్ కాగితశాలలో హాన్జీకై ప్రత్యేకస్థానము నేర్పరచి, 2012లో తద్విషయకమగు గ్రంథమును వెలువరించి, పెక్కు విద్యార్థులకు బోధించినది. ఇట్టి శిక్షణలు కొన్నియెడల రంగుకాగితపు పెట్టెల నంటించుటతోనే ముగియుట కలదు. అది వినోదమే కాని, నార నొకసారియైన మోదక, తొట్టిలో చేయి తడుపక విద్యార్థికి ఠావు తత్త్వము తెలియదు. తాను తీసిన తొలి ఠావు చినిగిన పిమ్మటనే ప్రాతప్రతిలోని మందపుటంచు అతని కంటికి గానవచ్చును.

కాగితమును సన్నని పట్టీలుగా గోసి, పురిపెట్టి, రెండేసి పోగులను పేని, బుట్టలుగా నల్లుట జిసుంగ్ అను వేరొక విద్య. ఇట్లల్లిన పాత్రలకు ఒక చెట్టు పాలతో మెరుగుపూసి, నీరు నిలుచునట్లు గూడ చేసిరి. ఇందులకు క్రొత్తకాగితమే కావలెనని లేదు. చోసన్ రాజ్యకాలమున (1392–1910) ప్రాతపుస్తకముల పుటలనే కోసి వాడుటయు గలదు. అందుచే అట్టి బుట్టల పురులలో నేటికిని నల్లని సిరాచుక్కలు, విరిగిన యక్షరరేఖలు కనబడును. పేనుట నేర్పు శిల్పి విద్యార్థులకు వీనిని ముందుగా జూపుట మేలు. అవి యే గ్రంథపు పుటలో పురి విప్పక తెలియదు. విప్పిన బుట్ట నిలువదు.