ఇన్సులిన్ సీసా పక్కింటి ఫ్రిజ్‌లో

మందు మార్చి చూశాం, మోతాదు పెంచి చూశాం. ఆ అమ్మగారికి షుగరు అదుపులోకి రాలేదు. చివరికి వార్డు సిస్టరు పక్కన కూర్చొని నెమ్మదిగా అడిగితే సంగతి బయటపడింది. భర్త పోయాక ఇల్లు కొడుకు పేర దానపత్రం రాసిచ్చారు. ఏడాది తిరక్కముందే కొడుకు ఆమెను బయటికి పంపేశాడు. అద్దె గదిలో ఉంటూ, ఇన్సులిన్ సీసా పక్కింటివాళ్ల ఫ్రిజ్‌లో దాచుకొని, వాళ్లు తలుపు తీసినప్పుడే వేసుకుంటున్నారు. ఈ బాధకు మా మందుల గదిలో మందు లేదు.

మన సంఘంలోని ఒక వకీలుగారు ఫీజు తీసుకోకుండా శనివారాలు మన ఓ.పి.లో కూర్చుంటున్నారు. మొదటి రెండు వారాలు ఆయన దగ్గరికి ఎవరూ రాలేదు. ప్లీడరు అంటే కోర్టు, కోర్టు అంటే అప్పు అని మనవాళ్ల భయం. నిజం చెప్పాలంటే మేమూ అలాగే అనుకున్నాం.

తల్లిదండ్రుల, వృద్ధుల పోషణకు 2007లో ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం ఆర్డీఓ దగ్గర ఉండే ట్రిబ్యునల్‌లో దరఖాస్తు పెట్టుకుంటే, బిడ్డలు నెలకు 10,000 రూపాయల వరకు ఇవ్వాలని ఆజ్ఞ ఇవ్వవచ్చు. వకీలుగారు దరఖాస్తు రాసిపెట్టారు. అమ్మగారికి నెలనెలా డబ్బు వస్తోంది. ఇల్లు మాత్రం తిరిగి రాలేదు. తల్లిని చూసుకోవాలనే షరతుతో ఇచ్చినట్టు చూపగలిగితేనే ఆ చట్టం కింద అలాంటి పత్రం రద్దవుతుందని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. ఈమె పత్రంలో ఆ మాటే లేదు. “కొడుకే కదా అనుకున్నాను” అన్నారామె. కాబట్టి పెద్దలారా, బిడ్డల మీద ఎంత ప్రేమ ఉన్నా, సంతకం పెట్టేముందు ఆ ఒక్క వాక్యం రాయించుకోండి. అది అనుమానించడం కాదు.

మన ఆసుపత్రికి రాలేనివారికి కూడా దారి ఉంది. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం కింద స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ప్రభుత్వ ఖర్చుతో వకీలును ఇస్తారు. మిగతావారిలో చాలామందికి ఆదాయ పరిమితి ఉంటుంది. ఇంటి తగాదా, భరణం, అద్దె, రావలసిన జీతం వంటి సివిల్ విషయాలకూ ఇది వర్తిస్తుంది. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఎక్కడని అడగండి, లేదా 15100కు ఫోను చేయండి. ఫీజు లేకుండా వాదించడానికి ముందుకొచ్చిన వకీళ్ల కోసం కేంద్ర న్యాయశాఖ 2017లో ‘న్యాయబంధు’ను ప్రారంభించింది.

ఆ అమ్మగారు ఇప్పుడు ఇన్సులిన్ సీసాను మూత బిగించిన డబ్బాలో ఉంచి, తడి ఇసుక మధ్య పెట్టిన మట్టికుండలో దాచుకుంటున్నారు. ఇది సిస్టరు నేర్పిన ఉపాయం. ఫ్రిజ్ లేనివారు ఎండాకాలానికి ముందే వచ్చి నేర్చుకోండి.

వకీలుగారి దగ్గరికి వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న కాగితాలన్నీ తెండి. చిరిగినవైనా, చదవడం రానివైనా సరే.